ముక్కు పట్టుకుని దిగినవాడు

కువైట్‌కు పోయిన కొత్తలో నాకు అందిన మొదటి సలహా, పనిచేసే ఇంట్లో టీవీ వైపు చూడొద్దని. చెప్పింది మా పుల్లంపేట ఆమే, నాకంటే ముందు పోయి నిలదొక్కుకున్న మనిషి. "నేల తుడిచేటప్పుడు కండ్లు నేల మీదనే ఉండాల, తెల్సిందా" అంది. మంచి మాట. ఇప్పుడు పెట్టె సర్దుకుంటున్న ఆడపిల్లలకు నేనూ అదే చెబుతాను. నేను మాత్రం ఆ మాట నిలుపుకోలేదు. ఒక్క ఇంట్లోనే తల నెరిసేదాకా ఉన్నానంటే టీవీ చూసినందువల్లే ఉన్నాను.

ఇల్లు జాబ్రియాలో. వంట పని, ముసలామె సేవ నావి. బండి తోలడానికి రాయచోటి అబ్బి ఒకడుండేవాడు, నన్ను అక్కా అనేవాడు. ఇంటావిడను అందరి మాదిరే మామా అనేవాళ్ళం. ఆమె అత్తగారిని మామా కబీర అనేవాళ్ళం, పెద్ద మామా అని. మామాకు ఒక కూతురు, యూనివర్సిటీలో చదివేది. ఇల్లంతా మనుషులే గానీ ఈ సంగతికి ఇంతమంది చాలు.

మామా కబీరకు చక్కెర జబ్బుతో చూపు పోయింది. నేను చేరేనాటికి మసకగా కనబడేది. తర్వాత తర్వాత కిటికీ ఏ వైపుందో తెలిసేంత వెలుతురు మాత్రమే మిగిలింది. అయినా సాయంత్రం సీరియల్ మానేది కాదు. టీవీలో మాటలు ఆగిపోగానే "ఇప్పుడేం జరుగుతోంది?" అని అడిగేది. ఇంట్లోవాళ్ళు ఫోన్ల మీద నుంచి తలెత్తకుండా "ఏం లేదు యుమ్మా, నడుస్తున్నాడు" అనేవాళ్ళు. ఎవరు నడుస్తున్నారు, ఎక్కడికి, చేతిలో ఏముంది, అవేవీ చెప్పరు.

ఒకరోజు గదిలో ఇద్దరమే ఉన్నాం. నేను కార్పెట్ మీద పడిన ఖర్జూరం గింజలు ఏరుతున్నాను. టీవీలో మాటలు ఆగాయి. ఆమె అడిగింది. నేను చూసిందంతా చెప్పేశాను. మొగుడు తలుపేసుకుని పోయాడు, పెళ్ళాం ఏడుస్తోంది, కానీ చేతులకు కొత్త గాజులున్నాయి, ఏడుస్తూనే వాటిని సర్దుకుంటోంది అన్నాను. గాజుల మాటకు మామా కబీర పగలబడి నవ్వింది. మరుసటి రోజు నుంచి సాయంత్రం వంటింట్లో నాకు పని పెట్టొద్దని ఇంట్లో చెప్పేసింది.

నా అరబ్బీ వంటింటి అరబ్బీ. ఉప్పు, మంట, తీసుకురా, కడుగు, ఖలాస్. ఈ మాటలతో ఎవరైనా సినిమా చెప్పగలరా? చేతులతో చెప్పాల్సి వచ్చేది. ఆమెకు చేతులు కనబడవు. అందుకని నా ఎడమ పక్కన కూర్చుని నా మణికట్టు పట్టుకునేది. నేను టీ పోసినట్టు చేస్తే టీ అని తెలుసుకునేది, కొట్టినట్టు చేస్తే కొట్టాడా అని మండిపడేది. అలా మేమిద్దరం చాలా సీరియళ్ళు చూశాం.

ఇక ఆమె అన్న సంగతి. దాన్ని నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. వాళ్ళ నాయన సముద్రంలో మునిగి ముత్యాల చిప్పలు తెచ్చేవాడు. అన్న కూడా చిన్నతనంలో ఆ పడవలెక్కినవాడే. ఆ పనులు అడుగంటాక, అన్న చమురు కంపెనీలో కూలికి చేరాడు. ఆ కాలంలో కంపెనీలు సొంత ఖర్చుతో చిన్న చిన్న సినిమాలు తీయించేవట. కొన్ని గొప్ప చెప్పుకోవడానికి: ఎడారిలో ఎంత పొడుగు గొట్టాలు వేశాం, ఎంత మంచి ఆస్పత్రి కట్టాం అని. కొన్ని పనివాళ్ళకు పాఠాలు: నిచ్చెన ఎలా ఎక్కాలి, బరువు ఎలా ఎత్తాలి, డ్రమ్ముల దగ్గర ఎందుకు సిగరెట్టు కాల్చకూడదు అని. క్యాంపులో గోడకు తెల్లగుడ్డ కట్టి, మగవాళ్ళను ఇసుకలో కూర్చోబెట్టి చూపించేవాళ్ళట.

అలాంటి ఒక పాఠం సినిమాలో అన్న వేషం కట్టాడు. ఆడపిల్ల కాబట్టి ఈమెకు చూసే వీల్లేదు. అన్న ఇంటికొచ్చి వాకిట్లో సినిమా మొత్తం తానే ఆడి చూపించాడు. అందులో ఒక తిక్కలోడు ఉంటాడు, ముట్టుకున్నదల్లా తప్పు చేస్తాడు. ఒక మొనగాడు ఉంటాడు, వచ్చి వాణ్ని కాపాడి సరైన పద్ధతి చూపిస్తాడు. చివర్లో దొర వచ్చి మొనగాడితో చెయ్యి కలుపుతాడు. ఆ మొనగాణ్ని నేనే అన్నాడట అన్న.

పెళ్ళి కాకముందే జ్వరం వచ్చి పోయాడు. ఇంట్లో అతని ఫోటో ఒక్కటే ఉండేది. యుద్ధమప్పుడు ఇల్లు వదిలి పోయి తిరిగొచ్చేసరికి ఫోటో లేదు, అది పెట్టిన పెట్టె కూడా లేదు. తోబుట్టువుల్లో ఇప్పుడు ఈమె ఒక్కతే. "నేను కూడా పోతే, అట్లాంటివాడు ఒకడు పుట్టాడని చెప్పేవాళ్ళు ఉండరు బింతీ" అనేది నాతో. బింతీ అంటే బిడ్డా అని. ఆమెకు ఉన్న ఒక్క ఆశ ఆ సినిమా. అది ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు.

దాన్ని మనవరాలు కనిపెట్టింది. చాలాకాలం వెతికింది పాపం. ఇలాంటి పాత కంపెనీ సినిమాలను బాగుచేసి, అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టేవాళ్ళు ఏదో దేశంలో ఉన్నారట. ఒక సాయంత్రం ఫోను పట్టుకుని, చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరుగెత్తుకొచ్చింది. నిచ్చెన ఉంది, డ్రమ్ములున్నాయి, తిక్కలోడున్నాడు, చెయ్యి కలిపే దొర ఉన్నాడు. అదే సినిమా.

పెద్ద టీవీలో పెట్టారు. మామా కబీర కొత్త అబాయా వేసుకుని, అత్తరు పూసుకుని కూర్చుంది, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు. సంతోషంలో మనవరాలే చెబుతానంది. నేను టీ గ్లాసులు అందిస్తూ ఒక కంటితో చూస్తున్నాను. సినిమా రంగులు వెలిసిపోయి, ఎర్ర చీర జాడించిన నీళ్ళలా ఉన్నాయి. కనబడనివాడు ఎవడో ఇంగ్లీషులో వార్తలు చదివినట్టు మాట్లాడుతున్నాడు. మనవరాలు "ఇది కాదు, ఇది కాదు" అంటూ సినిమాను ముందుకు తోసి మొనగాడి దగ్గర ఆపింది.

"అదిగో యుమ్మా, మీ అన్న. తల మీద ఇనుప టోపీ, చేతిలో రెంచీ. ఎంత అందగాడో."

"రెంచీ ఏ చేత్తో పట్టుకున్నాడు?" అని అడిగింది మామా కబీర.

ఆమె అన్న ఎడమచేతి వాటం మనిషి. తెర మీద వాడు కుడిచేత్తో తిప్పుతున్నాడు. మనవరాలు తల్లి మొహం చూసింది. తల్లి కళ్ళతోనే ఊ అంది. "ఎడమ చేత్తోనే యుమ్మా" అంది పిల్ల.

మామా కబీర హమ్దుల్లా అనుకుని, అలసటగా ఉంది, గదికి తీసుకుపొమ్మంది. మంచం మీద కూర్చోబెట్టాక నాతో అంది, "వాడెవడో పరాయివాడు. నా మనవరాలికి అబద్ధం చెప్పేటప్పుడు గొంతు తియ్యగా మారుతుంది." ఇంకో మాట కూడా అంది. "మా అన్న అందులో లేనే లేడేమో. నన్ను సంతోషపెట్టడానికి ఊరికే ఆడి చూపించాడేమో."

మనవరాలిని తప్పు పట్టకండి. ప్రేమ కొద్దీ చెప్పిన అబద్ధం అది. కానీ ముసలామెకు ఉన్న ఒక్క ఆనవాలు ఆ అబద్ధంతో చెరిగిపోయింది. సీరియల్ పెట్టమని అడగడం మానేసింది. నేను చేసే చేపల పులుసుకు ప్రాణం పెట్టేది, అదీ పక్కకు తోసేసింది. నమాజు, మంచం, అంతే.

ఒక శుక్రవారం ఇంట్లోవాళ్ళంతా సముద్రం ఒడ్డున ఉన్న వాళ్ళ షాలేకు, సెలవు రోజుల ఇంటికి పోయారు. మామా కబీర రానంది. వాళ్ళను దింపి వచ్చిన డ్రైవరు వంటింటి గడప మీద కూర్చోబోతున్నాడు. సినిమా పెద్ద టీవీలోకి వచ్చేట్టు పెట్టమన్నాను.

"మల్లా అదేనా? ఆ పాప చూపించింది గదక్కా."

"ఆ పాప చెప్పింది. నేను యాడ చెప్తిని?"

"నువ్వు చెప్తే మాత్రం లేనోడు వస్తాడా?"

గొణుగుతూనే పెట్టాడు. మామా కబీర మొదట ఖలాస్, చూసేశాం కదా అని గోడ వైపు తిరిగింది. మామా, మీరు సగమే విన్నారు, మొదటి నుంచి నేను చెబుతాను, చెయ్యి ఇవ్వండి అన్నాను. చివరికి లేచి, నాతో పాటు టీవీ ముందుకు వచ్చి చెయ్యి ఇచ్చింది. ఎప్పటిలాగే నా ఎడమ మణికట్టు పట్టుకుంది.

మొదటి నుంచి మొదలుపెట్టాను. ఇసుక చెప్పాను, గొట్టాలు చెప్పాను, లారీ పక్కన నిలబడి దాన్ని వింతగా చూస్తున్న ఒంటెను చెప్పాను. ఒంటె మెడ ఎలా తిప్పిందో నా చెయ్యి తిప్పి చూపిస్తే ఆమె పెదవి కొంచెం కదిలింది. ఈలోపల డ్రైవరు నా వెనక చేరాడు. ఆమెకు తెలుగు రాదు కాబట్టి మేం ఆమె ముందే వాదులాడుకునేవాళ్ళం.

"అక్కా, టోపీ పెట్టుకున్నోడు వచ్చినప్పుడు ఈడే అని గట్టిగా చెప్పేయ్. ఎడమ చెయ్యే అను. ఆమెకేం కనపడతాది? పుణ్యమొస్తాది నీకు."

"ఆమె నా చెయ్యి పట్టుకోని ఉండాదిరా అబ్బీ. అబద్ధమాడితే నాడి తెలిసిపోతాది."

"అట్లయితే నా చెయ్యి పట్టుకోమను, నేను చెప్తా."

ఏంటి మీ గొడవ అని మామా కబీర అడిగింది. వాడికి ఆకలిగా ఉందట అన్నాను. "వాడికి ఎప్పుడు లేదు?" అంది. నేను చెప్పింది అబద్ధమే కాబట్టి నా నాడి నిజంగానే ఆమెకు తెలిసిందేమో, ఆ రోజు మొదటిసారి నవ్వింది.

తిక్కలోడు వచ్చాడు. ఆ రోజు మనవరాలు తోసేసిన భాగమంతా ఇదే. వాడు నిచ్చెనను తలకిందులుగా ఆనించాడు. డ్రమ్ము మీద కూర్చుని సిగరెట్టు వెలిగించబోయాడు. బస్తాను ఎత్తబోయి బస్తా కింద పడ్డాడు. డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నేను ఒక్కొక్కటీ చేసి చూపిస్తున్నాను.

తర్వాత ఒక పెద్ద ఇనుప తొట్టి. పైన గుండ్రటి కంత, అందులోకి నిచ్చెన. లోపల గాలి చెడి ఉంటుంది, పైన ఒక మనిషిని పెట్టుకుని, నడుముకు తాడు కట్టుకుని, నిచ్చెన వైపు తిరిగి రెండు చేతులతో పట్టుకుని దిగాలని పాఠం. తిక్కలోడు తాడు కట్టుకోలేదు. నిచ్చెనకు వీపు పెట్టి కంత అంచున కూర్చున్నాడు. రెండు కాళ్ళూ దగ్గరగా చేర్చాడు. ఒకసారి తలెత్తి పైకి చూశాడు. ముక్కు గట్టిగా పట్టుకుని, గభాలున కిందికి జారిపోయాడు.

ముక్కు పట్టుకోవడాన్ని అరబ్బీలో ఏమంటారో నాకు రాలేదు. చేసి చూపిద్దామని చెయ్యి లేపాను. తెర మీద వాడు ఎడమ చేత్తో పట్టుకున్నాడు, నేనూ ఎడమ చెయ్యే లేపాను. ఆ చెయ్యి పట్టుకుని ఉన్న ఆమె చెయ్యి కూడా దాంతో పాటు నా ముక్కు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఆమె వేళ్ళు నా వేళ్ళను, నా ముక్కును మెల్లగా తడిమాయి.

"మళ్ళీ చెయ్యి" అంది. చేశాను.

"దానికి ముందు పైకి చూశాడా?"

"చూశాడు మామా. పైన ఎవరో ఉన్నట్టు."

"కాళ్ళు?"

"రెండూ కలిపి పెట్టాడు."

"అఖూయ్" అంది ఆమె. మా అన్న అని. గొంతు పెంచలేదు, ఎదుటి గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు అంది. నా వెనక డ్రైవరు నవ్వడం ఆపేశాడు.

అప్పుడు చెప్పింది. ముత్యాల కోసం మునిగేవాళ్ళు అలాగే దిగుతారట. కాళ్ళకు రాయి, ముక్కుకు మూత, దిగే ముందు పైన తాడు పట్టుకున్న మనిషి వైపు ఒక చూపు. నీళ్ళలోకి పోయిన మనిషి తిరిగొచ్చేది ఆ తాడు వల్లే కదా. చిన్నప్పుడు నాయన దగ్గర అది నేర్చిన అన్నకు, నేల మీద కూడా అలవాటు పోలేదు. గోడ మీద నుంచి దూకినా, పడవ మీద నుంచి దిగినా ముందు పైకి చూసి ముక్కు పట్టుకునేవాడు. ఇక్కడ నీళ్ళెక్కడున్నాయిరా అని నాయన తిట్టేవాడట. తొట్టి పాఠం తీసేరోజు కంపెనీవాళ్ళు అతన్ని చూసి, ఎలా దిగకూడదో చూపించడానికి ఇంతకంటే మంచివాడు దొరకడనుకుని ఉంటారు.

చెబుతూ చెబుతూ ఆగింది. మొనగాడు అనుకుని జీవితమంతా తలుచుకున్న అన్న, నలుగురూ నవ్వే తిక్కలోడని ఇప్పుడు తెలిసింది. తెలియజేసింది నా చెయ్యి.

"దొంగ" అంది మామా కబీర. "దొర చెయ్యి కలిపింది ఇంకెవరితోనో. ఇంటికొచ్చి నాకు చెప్పింది తన పేరు." అని నవ్వడం మొదలుపెట్టింది. తలమీది గుడ్డ జారిపోయేంతగా నవ్వింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వింది. ఆనక ఉన్నట్టుండి గాబరాగా అడిగింది, "తొట్టిలో దెబ్బ తగిలిందా వాడికి?"

"లేదు మామా. టోపీవాడు పైకి లాగి ఇసుకలో పడుకోబెట్టాడు. మొహాన నీళ్ళు చల్లాడు. లేచి కూర్చుని నవ్వుతున్నాడు. పై వరసలో ఒక పన్ను లేదు."

"ఆ పన్ను ఊడగొట్టింది నేనే" అంది. "రాయి విసిరాను. నా గాలిపటం తెంపాడని."

ఇంట్లోవాళ్ళు తిరిగొచ్చేదాకా పెట్టినదే పెట్టించింది. డ్రైవరు అన్నం మాట మరిచిపోయి, తానే సినిమా వెనక్కి తిప్పుతూ "ఇదో వస్తాండాడు, ఇదో దూకుతాండాడు, చెప్పక్కా" అని నన్ను తొందరపెట్టాడు.

సంగతి విని మామా సంతోషించింది గానీ కొంచెం ఇబ్బంది పడింది. ఇంటి పెద్దల్లో ఒకడు తిక్కలోడి వేషం వేశాడని మగవాళ్ళు కూర్చునే దివానియాలో తెలిస్తే బాగుంటుందా అంది. మామా కబీర ఒప్పుకోలేదు. "సరిగ్గా దిగేవాణ్ని చూసి ఎవరు నేర్చుకున్నారు? మా అన్నను చూసి నవ్వుకుని ఎంతమంది క్షేమంగా ఇల్లు చేరారో అల్లాకు తెలుసు" అంది. తర్వాతి వారం దివానియాలో గోడంత తెర మీద పెట్టించింది. మనవరాలు వచ్చి అవ్వ చేతులు ముద్దుపెట్టుకుంది. సినిమా దాచినవాళ్ళకు రాసి, తొట్టిలో దిగినవాడి పేరు దాని కింద చేర్పించింది కూడా ఆ పిల్లే. ఇప్పుడు ఏ దేశంలో ఎవరు చూసినా ఆ పేరు ఉంటుంది. నేను ఇక్కడ ఆ పేరు రాయడం లేదు, అది వాళ్ళింటి సొత్తు.

ఆ సినిమా నుంచి నేనూ ఒకటి పట్టుకున్నాను. కువైట్‌కు పోయే ఆడపిల్లలు మా ఇంటికొస్తే, మేడ మీద కిటికీ అంచున నిలబడి అద్దాలు తుడవడం ఎలా ఉంటుందో మంచం మీద ఎక్కి చేసి చూపిస్తాను. ఈ మోకాళ్ళతో నేను ఊగుతుంటే పకపకా నవ్వుతారు. నవ్వినవాళ్ళు ఆ అంచు ఎక్కరు.

ఆ మోకాళ్ళ వల్లే చివరికి పని మానుకుని ఊరికి రావాల్సి వచ్చింది. బయల్దేరే రోజు డ్రైవరు నా పెట్టెలు బండిలో పెడుతున్నాడు. మామా కబీర నన్ను పిలిపించి, కూర్చో, సినిమా చూద్దాం అంది. టైం లేదు మామా, విమానం ఉంది అన్నాను. వినలేదు. ఇన్నాళ్ళు నువ్వు చెప్పావు, ఈరోజు నేను చెబుతాను, నువ్వు చూడు అని, ఈసారి తానే నా చేతిని తన మణికట్టు మీద పెట్టుకుంది.

ఇసుక చెప్పింది. గొట్టాలు చెప్పింది. ఒంటె మెడ తిప్పింది. నిచ్చెన, డ్రమ్ము, బస్తా, ఏదీ ముందువెనకలు కాలేదు. తొట్టి దగ్గరకు వచ్చేసరికి సోఫా అంచున కాళ్ళు రెండూ కలిపి పెట్టి, కనబడని కళ్ళతో పైకి ఒకసారి చూసి, ఎడమ చేత్తో ముక్కు పట్టుకుంది. ఆమె అన్ని పనులూ కుడిచేత్తో చేసే మనిషి.

"శూఫ్" అంది, చూడు అని. "కనబడ్డాడా?"

టీవీ ఎవరూ పెట్టలేదు. తెర నల్లగా ఉంది.

"కనబడ్డాడు మామా" అన్నాను. నా చెయ్యి ఆమె చేతి మీదే ఉంది, నా నాడి చూసుకోమని అక్కడే ఉంచాను.